చిప్ పలకడం లేదంటే

(కావలిలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌లు, ఐటీఐ, డిప్లొమా విద్యార్థుల ముందు ఒక ఆదివారం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు జరగండి. బోర్డు మీద పిన్ను నంబర్లు రాస్తాను, కనపడకపోతే తర్వాత ఇబ్బంది పడతారు.

ముందే ఒక మాట చెప్పేస్తా. లాప్‌టాప్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే చిన్న బోర్డును ప్రోగ్రామర్ అంటాం. డబ్బు మిగులుతుందని దాన్ని తయారు చేసుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లి టీ తాగొచ్చు. యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ కొన్ని వందల రూపాయలకు ఇంటికే వస్తుంది. మనం చెన్నై రైలెక్కి, రిచీ స్ట్రీట్‌లో తిరిగి సామాను కొని, తిరిగొచ్చి సోల్డరింగ్ చేసుకుంటే ఖర్చు అంతకంటే ఎక్కువే అవుతుంది. మరెందుకు చేయాలి అంటారా? రేపు మీ షాపులో చిప్ పలకలేదనుకోండి. తప్పు లాప్‌టాప్ వైపు ఉందా, ప్రోగ్రామర్‌లో ఉందా, చిప్ దగ్గర ఉందా అని తేల్చగలిగేది దాన్ని ఒక్కసారైనా తన చేత్తో కట్టినవాడే. మిగతావాళ్లు కేబుల్ పీకి మళ్లీ పెడతారు, లాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తారు, చివరికి చిప్ పోయిందని చెత్తబుట్టలో వేస్తారు. పోయాయని నా దగ్గరికి తెచ్చిన చిప్‌లలో చాలావాటికి ఏ రోగమూ లేదు.

ఈ రోజు ఏవీఆర్ అనే రకం మైక్రోకంట్రోలర్ చిప్‌ల గురించే మాట్లాడతాను. సిలబస్‌లో 8051 చిప్ ఉంది కదా అంటారు. ఆ కుటుంబంలోని పాత 89సీ51కి ప్రోగ్రాం ఎక్కించాలంటే 12 వోల్టులు కావాలి, పిన్నులన్నిటికీ వైర్లు లాగాలి. 89ఎస్52 వచ్చాక అదీ ఏవీఆర్‌లా కొద్ది వైర్ల దారిలోకే వచ్చింది, కాబట్టి ఇవాళ విన్నది చాలావరకు దానికీ పనికొస్తుంది. ఏవీఆర్ మాత్రం నార్వేలో ఆల్ఫ్ ఎగిల్ బోగెన్, వెగార్డ్ వోలన్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన డిజైన్. ఆట్మెల్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. 2016లో ఆట్మెల్‌ను మైక్రోచిప్ కొనేసింది. చిప్ మీద రెండు పేర్లలో ఏది ఉన్నా లోపల ఉన్న సరుకు అదే.

సరే, ప్రోగ్రామర్ చేసే పని ఏంది? కరెంటు వైర్లు రెండు పక్కన పెడితే, మిగిలేది నాలుగు వైర్లు. రీసెట్, ఒక్కో బిట్ ఎప్పుడు చదవాలో చెప్పే క్లాక్, లోపలికి పోయే డేటా, బయటికి వచ్చే డేటా. 28 కాళ్ల ఆట్మెగా8 తీసుకుంటే 1వ కాలు రీసెట్. 17 మోసి, అంటే లోపలికి పోయేది. 18 మిసో, బయటికి వచ్చేది. 19 క్లాక్. ఇవి రాసుకోండి.

రీసెట్‌ను గ్రౌండ్‌కు లాగి పట్టుకుంటే చిప్ తన పని ఆపేసి వినడానికి సిద్ధమవుతుంది. అప్పుడు ప్రోగ్రామర్ నాలుగు బైట్లు పంపుతుంది, హెక్స్ అంకెల్లో: ఏసీ, 53, 00, 00. మూడో బైటు లోపలికి పోతూ ఉండగానే చిప్ 53ను వెనక్కి పంపుతుంది. వాకిట్లో నిలబడి పిలిస్తే లోపల్నుంచి ‘ఆఁ, వస్తన్నా’ అన్నట్టు. ఆ 53 తిరిగొచ్చిందంటే చిప్ బతికే ఉంది, వైర్లు సరిగ్గా ఉన్నాయి, కరెంటు అందుతోంది, చిప్ లోపల క్లాక్ నడుస్తోంది. రాలేదంటే వీటిలో ఏదో ఒకటి లేదు. ప్రోగ్రాం ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఏవీఆర్‌డ్యూడ్ ‘టార్గెట్ డజ్ నాట్ ఆన్సర్’ అని చూపించేది అప్పుడే. టార్గెట్ అంటే మనం ప్రోగ్రాం ఎక్కించాల్సిన చిప్. ఆ లైను కనపడగానే టెన్షన్ పడతారు గానీ, నిజానికి అది మంచి కబురు కూడా. లాప్‌టాప్, యూఎస్‌బీ, డ్రైవరు, ప్రోగ్రామర్ ఇవన్నీ బాగున్నాయి, వెతకాల్సింది ఈ ఆరు వైర్లలోనో, వాటి అవతలో అని చెబుతోంది. ‘కుడ్ నాట్ ఫైండ్ యూఎస్‌బీ డివైస్’ అని వస్తే మాత్రం చిప్‌ను ముట్టుకోవద్దు. అక్కడిదాకా మాటే వెళ్లలేదు.

ఈ రెండు లైన్ల తేడా తెలిసినవాడికి సగం రిపేరు అయిపోయినట్టే.

ఇప్పుడు తయారీకి వద్దాం. మనం కట్టబోయే డిజైన్ జర్మనీకి చెందిన థామస్ ఫిష్ల్‌ది. యూఎస్‌బీఏఎస్‌పీ ఆయన పెట్టిన పేరే. సర్క్యూట్టూ, ఫర్మ్‌వేరూ, అంటే దాని చిప్ లోపల నడిచే ప్రోగ్రామూ, అందరికీ ఇచ్చేశాడు. దీని గొప్పతనం ఏమిటంటే, యూఎస్‌బీ కోసం విడిగా ఐసీ లేదు. ఆట్మెగా8లో యూఎస్‌బీ హార్డ్‌వేర్ లేదు. అయినా ఆస్ట్రియాలోని ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ వాళ్ల కోడ్ సాయంతో మామూలు పిన్నులతోనే యూఎస్‌బీ భాష మాట్లాడుతుంది. తక్కువ వేగం యూఎస్‌బీ సెకనుకు 15 లక్షల బిట్లు. చిప్ వేగాన్ని నిలకడగా పట్టే క్రిస్టల్ 12 మెగాహెర్ట్జ్‌ది పెడితే ఒక్కో బిట్‌కు చిప్‌కు దొరికేది సరిగ్గా 8 క్లాకులు. ఆ 8 క్లాకుల్లో బిట్ చదవాలి, దాచాలి, తర్వాతి దానికి తయారుగా ఉండాలి. ఆ కోడ్ రాసినవాళ్లకు దండం పెట్టాలి.

అందుకే, షాపులో 12 లేదు, 16 మెగాహెర్ట్జ్ ఉంది తీసుకో అంటే తీసుకోవద్దు. ఈ ఫర్మ్‌వేర్ 12కే తయారైంది. 16 పెడితే లాప్‌టాప్ ‘డివైస్ నాట్ రికగ్నైజ్డ్’ అంటుంది, మీరేమో డ్రైవర్ల వెంట పడి తిరుగుతారు.

యూఎస్‌బీ కేబుల్ కోస్తే నాలుగు వైర్లు కనపడాలి. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్. ‘కనపడాలి’ అని ఎందుకన్నానంటే, చవక ఛార్జింగ్ కేబుళ్లలో ఎరుపు, నలుపు రెండే ఉంటాయి. డేటా వైర్లు అసలు వేయరు. కేబుల్ కోసే ముందు ఫోన్‌కు తగిలించి లాప్‌టాప్‌లో ఫొటోలు కాపీ అవుతాయో లేదో చూడండి.

డేటా వైర్లు రెంటికీ సిరీస్‌లో 68 ఓమ్‌ల రెసిస్టర్లు. రెంటి నుంచీ గ్రౌండ్‌కు 3.6 వోల్టుల జీనర్ డయోడ్లు. చిప్ 5 వోల్టులతో నడుస్తుంది, యూఎస్‌బీ డేటా లైన్లేమో 3.3 వోల్టుల ప్రాంతంలో ఉండాలి. ఆ ఎక్కువను జీనర్ కోసేస్తుంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 3.6 జీనర్ ఇవ్వమంటే షాపతను లావుగా ఉండే 1 వాట్‌ది ఇస్తాడు, గట్టిగా ఉంటుంది కదా అని మనమూ తీసుకుంటాం. లావు జీనర్‌కు సొంత కెపాసిటెన్స్ ఎక్కువ, సిగ్నల్ అంచులు నలిగిపోతాయి. సన్నది, అర వాట్ లేదా అంతకంటే చిన్నది కావాలి. ఒక లాప్‌టాప్‌లో పనిచేసి ఇంకో లాప్‌టాప్‌లో పనిచేయని ప్రోగ్రామర్ ఎవరైనా తెస్తే ముందు జీనర్ల లావు చూడండి.

తెలుపు వైరుకు, అంటే డీ మైనస్‌కు, 5 వోల్టుల నుంచి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి. ఇదిగో నేను వచ్చాను, నెమ్మదిగా మాట్లాడేదాన్ని అని లాప్‌టాప్‌కు చెప్పేది ఇదే. పొరపాటున ఆకుపచ్చ వైరు మీద వేస్తే లాప్‌టాప్ దాన్ని వేగంగా మాట్లాడే పరికరం అనుకుంటుంది, ఇద్దరికీ మాట కలవదు. చిప్ దగ్గర డీ మైనస్ 14వ కాలుకు పోతుంది. డీ ప్లస్ 15వ కాలుకూ, 4వ కాలుకూ రెంటికీ పోవాలి. 4వ కాలు ఇంటరప్ట్ పిన్ను, దాన్ని మరిచిపోతే మిగతా అంతా సరిగ్గా ఉన్నా కదలదు. క్రిస్టల్ 9, 10 కాళ్ల మధ్య, ఒక్కో దాని నుంచి గ్రౌండ్‌కు 22 పికోఫారడ్. 7, 20 కాళ్లు రెండూ 5 వోల్టులకు, 8, 22 రెండూ గ్రౌండ్‌కు. 104 అని రాసి ఉండే చిన్న డిస్క్ కెపాసిటర్ 7కీ 8కీ మధ్య, వీలైనంత దగ్గరగా. దాన్ని మూడంగుళాల దూరంలో పెడితే పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

బయటికి పోయే కనెక్టర్‌కు 17, 18, 19 కాళ్లు, టార్గెట్ రీసెట్‌కు 16వ కాలు. బయటికి పోయే లైన్లలో 270 ఓమ్‌లు వేసుకోండి. అవతల వైరు షార్ట్ అయినా మీ చిప్ పిన్ను బతుకుతుంది. చిప్‌ను నేరుగా సోల్డర్ చేయొద్దు, ఐసీ బేస్ పెట్టండి. రెండు రూపాయల దగ్గర కక్కుర్తి పడొద్దు.

ఇప్పుడు అసలు తిరకాసు. ప్రోగ్రామర్ లోపలి చిప్ కూడా ఖాళీ చిప్పే కదా, దానికి ప్రోగ్రాం ఎవరు ఎక్కించాలి? పాత రోజుల్లో ప్రింటర్ పోర్టుకు నాలుగు వైర్లు తగిలించి పని కానిచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ పోర్టున్న కంప్యూటర్ కావాలంటే పాత సామాన్ల షాపులో వెతకాలి. ఈ కాలానికి ఆర్డుయినో ఊనో అనే బోర్డు ఉంటే చాలు, కాలేజీ ల్యాబ్‌లో ఒకటి ఎటూ ఉంటుంది. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో ఉదాహరణల కింద ఆర్డుయినోఐఎస్‌పీ అని ఉంది. దాన్ని ఊనోలోకి ఎక్కించండి. ఎక్కించిన తర్వాతే, ముందు కాదు, ఊనో రీసెట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు రీసెట్ వైపు. అది లేకపోతే లాప్‌టాప్ పోర్టు తెరిచిన ప్రతిసారీ ఊనో రీసెట్ అయి, ప్రోగ్రామర్ పని వదిలేసి, తనకే కొత్త ప్రోగ్రాం వస్తుందేమోనని చూసే బూట్‌లోడర్‌లోకి పోతుంది. ఊనో 10 నుంచి మన చిప్ 1వ కాలుకు, 11 నుంచి 17కు, 12 నుంచి 18కి, 13 నుంచి 19కి. ఏవీఆర్‌డ్యూడ్‌లో ప్రోగ్రామర్ పేరు ఎస్‌టీకే500వీ1, బాడ్ రేటు 19200.

మొదట ఏమీ రాయొద్దు. చిప్ సిగ్నేచర్, అంటే అది ఏ రకం చిప్పో చెప్పే నంబరు, మాత్రం చదవండి. ఆట్మెగా8 అయితే 1ఈ, 93, 07 రావాలి. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే వైరింగ్ చూడండి. ఇంకేదో నంబరు నిలకడగా వస్తుంటే మీ చేతిలో ఉన్నది వేరే చిప్. ఆట్మెగా328పీ అని తెచ్చుకుంటారు, దాని సిగ్నేచర్ 1ఈ, 95, 0ఎఫ్. మీకేమో 1ఈ, 95, 14 వస్తుంది. అది చివర పీ లేని 328. చిప్ మంచిదే, ఏవీఆర్‌డ్యూడ్‌కు ఎం328 అని చెబితే సరిపోతుంది. దాన్ని డూప్లికేట్ అని షాపువాడి మీదికి పోయేవాళ్లు ఉన్నారు.

సిగ్నేచర్ సరిగ్గా వచ్చాక ఫర్మ్‌వేర్ ఎక్కించండి. 2011 మే 28 తేదీతో ఉన్న ప్యాకేజీలో ఆట్మెగా8 హెక్స్ ఫైలు ఉంటుంది. ఫ్యూజులు, అంటే చిప్ ఎట్టా నడవాలో చెప్పే సెట్టింగులు, చివర్లో: హై ఫ్యూజ్ సీ9, లో ఫ్యూజ్ ఈఎఫ్. చివర్లో అని ఎందుకంటున్నానంటే, లో ఫ్యూజ్ ఈఎఫ్ అయిన మరుక్షణం చిప్ తన సొంత క్లాక్ వదిలేసి బయటి క్రిస్టల్ కోసం చూస్తుంది. బ్రెడ్‌బోర్డు మీద క్రిస్టల్ లేకపోతే ఇక పలకదు. అది చావడం కాదు. క్రిస్టల్ పెట్టండి, లేచి కూర్చుంటుంది. బయటి క్లాక్ అని ఇంకో సెట్టింగ్ ఉంది, లో ఫ్యూజ్‌లో క్లాక్ ఎంచుకునే బిట్లు అన్నీ సున్నాలు. అది పడిందంటే క్రిస్టల్ పెట్టినా లేవదు. ఇంకో చిప్ నుంచి చదరపు తరంగం తీసుకొచ్చి 9వ కాలుకు ఇవ్వాలి. ఊనోలో రెండు లైన్ల ప్రోగ్రాంతో ఆ తరంగం వస్తుంది. నిజంగా చేయి దాటిపోయేది ఒక్కటే, రీసెట్ డిసేబుల్ ఫ్యూజ్. అది రాస్తే రీసెట్ కాలు మామూలు పిన్ను అయిపోతుంది, మన పిలుపు వినపడే దారి మూసుకుపోతుంది. తిరిగి తేవాలంటే 12 వోల్టుల ప్రోగ్రామర్ కావాలి. దాని జోలికి పోవద్దు. ఇంకోటి, ఫ్యూజుల్లో 0 అంటే ఆన్, 1 అంటే ఆఫ్. మనం పెట్టుకున్న రివాజు కాదు, ఎదురు తిరిగి ఉంటుంది. ఏ ఫ్యూజ్ మార్చే ముందైనా ఉన్నది చదివి కాయితం మీద రాసుకోండి.

విండోస్‌లో డ్రైవర్ కోసం జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాం వాడండి. లైనక్స్‌లో డ్రైవర్ అక్కర్లేదు, పర్మిషన్ ఒకటి ఇవ్వాలి, అంతే.

కొత్త చిప్‌ల గురించి ఇది వినండి, అందరికీ పనికొచ్చేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆట్మెగా8 గానీ 328పీ గానీ 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామర్ క్లాక్ చిప్ క్లాక్‌లో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలని డేటాషీట్‌లో రాసి ఉంది. అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా కొట్టేది 375. కొత్త చిప్ అందుకోలేదు, నోరెత్తదు. కొన్నది కొన్నట్టు ‘పోయింది’ అని తేల్చేసే చిప్‌ల కథ ఇదే. బోర్డు మీద జేపీ3 అని జంపర్ ఉంటుంది, దాన్ని కలిపితే క్లాక్ 8 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. కొన్న బోర్డుల్లో పిన్నులు కూడా పెట్టరు, రెండు రంధ్రాలు మాత్రం ఉంటాయి. చిన్న వైరు ముక్కతో కలపండి. ‘కెనాట్ సెట్ ఎస్‌సీకే పీరియడ్’ అని హెచ్చరిక వస్తే మాత్రం పట్టించుకోవద్దు, పని ఆగదు.

ఆ 1 మెగాహెర్ట్జ్ సంగతి రొయ్యల గుంటల దగ్గర ఎట్టా కొడుతుందో చెప్తా. అల్లూరు, విడవలూరు వైపు నుంచి మీలో చాలామంది వచ్చారు. రాత్రి కరెంటు పోయి వస్తే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, మెయిన్ ట్రిప్ అవుతుంది. అందుకని ఒకదాని తర్వాత ఒకటి 30 సెకన్ల తేడాతో లేచేట్టు చిన్న బోర్డు చేస్తాం. నాలుగు ఏరియేటర్లుంటే 2 నిమిషాల్లో అన్నీ తిరగాలి. ప్రోగ్రాం రాసేటప్పుడు 8 మెగాహెర్ట్జ్ అని రాసి, ఫ్యూజ్ మార్చడం మరిచిపోతే చిప్ 1 మీదే నడుస్తుంది. అన్నీ ఎనిమిదింతలు సాగుతాయి. 30 సెకన్లు 4 నిమిషాలవుతుంది, నాలుగోది లేచేసరికి 16 నిమిషాలు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండే వేళ అది. షాపులో బల్లమీద ఎల్ఈడీలు పెట్టి చూస్తే ‘ఏదో కొంచెం నిదానంగా ఉందిలే’ అనిపిస్తుంది. వాచీ పట్టుకుని చూడండి.

ఆ బోర్డులకే ఇంకో ఫ్యూజ్ సలహా. ఆట్మెగా8ను లోపలి 8 మెగాహెర్ట్జ్‌కు మార్చడానికి అందరూ లో ఫ్యూజ్ ఈ4 అని రాస్తారు. మన పల్లెల్లో వోల్టేజీ ఎట్టా ఊగుతుందో మీకు నేను చెప్పాలా? ఈ4 బదులు 24 రాయండి. అప్పుడు 4 వోల్టుల కిందికి దిగితే చిప్ తనంతట తానే రీసెట్‌లోకి పోయి కూర్చుంటుంది. లేకపోతే అరకొర కరెంటు మీద పిచ్చి పనులు చేస్తుంది, కరెంటు పోయినా నిలిచే ఈప్రామ్ మెమరీలో మీరు దాచిన టైమింగులు కూడా చెరిపేయగలదు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చెప్తా. చవక టైమర్లు, స్టార్టర్ డబ్బాల్లోని బోర్డులు చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 400 వోల్టులని రాసి ఉన్న పెద్ద కెపాసిటర్ ఒకటి పెట్టి, కరెంటును నేరుగా దించేస్తారు. అట్టాంటి బోర్డులో ‘గ్రౌండ్’ అని ఉన్నచోట ఫేజ్ ఉండొచ్చు. మెయిన్స్ ఆన్‌లో ఉండగా దానికి ప్రోగ్రామర్ తగిలిస్తే లాప్‌టాప్ పోతుంది, లాప్‌టాప్ మీద చెయ్యి ఉంటే మనిషే పోతాడు. మళ్లీ చెప్తున్నా: ప్యానల్‌లో ఉన్న బోర్డుకు ప్రోగ్రామర్ పెట్టొద్దు. బోర్డు విప్పి, మెయిన్స్ వైర్లు పూర్తిగా తీసేసి, ప్రోగ్రామర్ ఇచ్చే 5 వోల్టులతోనే పని చేయండి. చిప్ బేస్‌లో ఉంటే ఇంకా మేలు, చిప్ ఒక్కటే తెచ్చుకోండి. పైగా 19వ కాలు మీద రిలే ఉన్న బోర్డు అయితే ప్రోగ్రాం ఎక్కుతున్నంతసేపూ రిలే టకటకా కొట్టుకుంటుంది. దాని అవతల కాంటాక్టరూ మోటారూ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. (నవ్వులు)

ప్రశ్నలు అడగండి.

(ఒక మెకానిక్: సార్, మార్కెట్లో వచ్చే ఆటో స్టార్టర్‌లో చిప్ చదివి ఇంకో చిప్‌లో ఎక్కించుకోవచ్చా?)

అన్నా, అందరి మనసులో ఉన్నది నువ్వు అడిగావు. కుదరదు. వాళ్లు ఎవరూ చదవకుండా లాక్ బిట్లు వేసి పంపుతారు. చదివితే పనికిరాని చెత్త వస్తుంది. లాక్ తీయాలంటే చిప్ ఎరేజ్ చేయాలి, ఎరేజ్ చేస్తే లాక్‌తో పాటు ప్రోగ్రామూ పోతుంది. పైగా పక్కవాడు రాసుకున్న ప్రోగ్రాం అది. పని ఏం చేస్తుందో చూసి నువ్వే రాసుకో. ఆటో స్టార్టర్ పని ఏముంది, మూడు ఫేజులూ ఉన్నాయా చూసి, కొంచెం ఆగి, రిలే వేయడమే కదా. పోయిన బోర్డు తీసేసి నీ బోర్డు పెడితే రేపు రిపేరుకు కూడా నీ దగ్గరికే వస్తారు.

(ఒక విద్యార్థిని: పిక్ అనే ఇంకో రకం చిప్‌లకు ఇదే ప్రోగ్రామర్ వాడొచ్చా సార్?)

లేదమ్మా. వాటి భాష వేరు. చాలా పిక్ చిప్‌లకు ప్రోగ్రాం ఎక్కించే వేళ ఒక కాలుకు 12, 13 వోల్టులు ఇవ్వాలి. సీరియల్ పోర్టు నుంచే ఆ వోల్టేజీ లాగే జేడీఎం అనే సర్క్యూట్ ఒకటి ఉంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పాత కంప్యూటర్ పోర్టు కావాలి. యూఎస్‌బీ కన్వర్టర్ మీద దాన్ని నడపాలని చూసి ఆదివారాలు పాడుచేసుకోవద్దు. పిక్ పని రోజూ ఉంటే వాటి ప్రోగ్రామర్ పికిట్ కొనుక్కోవడమే.

ఇక టేబుళ్ల దగ్గరికి రండి. ఒక్కో టేబుల్ మీద బోర్డు, బేస్, క్రిస్టల్, జీనర్లు, కేబుల్ ఉన్నాయి. చిప్‌లు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. ఖాళీ బేస్‌లో 7, 8 కాళ్ల మధ్య మీటరు పెట్టి 5 వోల్టులు చూపించిన టేబుల్‌కే చిప్ ఇస్తాను.